కార్డు ఫార్మాట్ చేయకు

చి. బుజ్జమ్మకు పెద్దమ్మ దీవెనలు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు మాట్లాడింది. అందులో ముప్పావుగంట నీ మీద గోడే. చదువైపోయి ఏడాది కావస్తున్నా ఉద్యోగం సంగతి తేల్చకుండా, అమ్మమ్మ పాటలన్నీ వీడియో తీసి యూట్యూబులో పెడతానంటున్నావట. తల్లి కదా, అంటుంది. నాకు మాత్రం ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. తలంబ్రాల పాట, అప్పగింతల పాట, ఊయల పాటలు, తిరగలి దగ్గర పాడుకునేవి... కడుపున పుట్టిన మాకు ఎవరికీ పట్టలేదు, నీకు పట్టాయి. గర్వంగానే ఉంది. దాంతోపాటు గుండెలో గుబులు కూడా. బెజవాడ గవర్నర్‌పేటలో మీ పెదనాన్న స్టూడియో వెనకగదిలో 18 ఏళ్ళు పెళ్ళి వీడియోలు కత్తిరించినదాన్ని, ఈ పనిలో నేను పడ్డ గోతులు నాకు తెలుసు.

తీయడం గురించి ఎక్కువ చెప్పను. ఫోను స్టాండు మీద పెట్టు. డబ్బులుంటే ముందు మైకు కొను, కెమెరా తర్వాత చూసుకోవచ్చు. ఫ్యాను ఆపు, ఉక్కపోస్తే పాటకీ పాటకీ మధ్య వేయవచ్చు. కిటికీ వెలుతురు అమ్మమ్మ మొహం మీద పడాలి, వీపు మీద కాదు. ట్యూబులైటు కింద తీయక తప్పకపోతే షట్టరు వేగం 1/50 సెకను పెట్టు, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి. లేకపోతే తెర మీద చారలు పాకుతాయి. ఇంకోటి, ఫోన్లలో ఫ్రేమ్‌రేటు, అంటే సెకనుకి తీసే బొమ్మల లెక్క, నిలకడగా ఉండదు, వెలుతురు తగ్గితే అదీ తగ్గుతుంది. అలాంటి ఫైలుని నేరుగా ఎడిటింగులో వేస్తే ఒక్కోసారి పాట చివరికొచ్చేసరికి పెదవులొకచోట, గొంతొకచోట. ముందు హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేసి ఫ్రేమ్‌రేటు స్థిరంగా ఉండే కాపీ తీసుకుని, దాన్ని కత్తిరించు. అసలు ఫైలు జోలికి పోకు.

ఆ ఒక్కమాట కోసమే ఈ ఉత్తరం.

2003 మాఘమాసంలో మీ అమ్మ పెళ్ళి. మూడు మినీ డీవీ క్యాసెట్లు (అప్పటి చిన్న వీడియో క్యాసెట్లు) నిండాయి, ఒక్కోటి గంట. అప్పట్లో గంట క్యాసెట్టు కంప్యూటర్లోకి ఎక్కడానికి గంటే పట్టేది. గంటకి 13 జీబీ తినేది. మూడు గంటలకి దాదాపు 40. నా దగ్గరున్నది 80 జీబీ డిస్కు. సగం మన ఇంటి పెళ్ళికే పోయింది, డబ్బులిచ్చినవాళ్ళ పెళ్ళిళ్ళు వరసలో ఉన్నాయి. గబగబా కత్తిరించాను, సన్నాయి ఎక్కించాను, వీసీడీలు, అంటే వీడియో సీడీలు, కొట్టి అందరికీ పంచాను, డిస్కులోంచి తుడిచేశాను. క్యాసెట్లున్నాయిగా అని ధైర్యం.

వైశాఖంలో ఒకరోజు అర్ధరాత్రి ముహూర్తానికి బయల్దేరుతూ మీ పెదనాన్న, క్యాసెట్లు చాలవేమోనే అన్నారు. కొట్లు కట్టేసిన వేళ. బీరువాలో బయటివాళ్ళ పెళ్ళిళ్ళవి పేర్లు రాసి వరసగా ఉన్నాయి. వాటి మీద చెయ్యి వెయ్యడానికి భయం, రేపు వచ్చి అడిగితే ఏం చెప్పను? మీ అమ్మవి మూడూ తీసి, వాటి మీదే తీసుకోమని ఇచ్చేశాను. ఇంట్లోవాళ్ళేగా, ఎవరడుగుతారు, వీసీడీ ఉండనే ఉంది అనుకున్నాను. లేబుళ్ళు పీకింది కూడా నేనే. ఒకటి సరిగ్గా ఊడకపోతే గోటితో గీకాను.

ఎవరడుగుతారంటే, నువ్వే అడిగావు. ఐదేళ్ళుంటాయి నీకు. టీవీ ముందు కూర్చుని, “తాతయ్య మొహం గళ్ళగళ్ళుగా ఉందేంటి పెద్దమ్మా?” అన్నావు. నువ్వు పుట్టకముందే పోయిన మనిషిని నువ్వు చూసింది ఆ గళ్ళలోనే.

ఆ గళ్ళెందుకో అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు విను. క్యాసెట్టులో సెకనుకి 25 మెగాబిట్ల సమాచారం ఉంటే వీసీడీలో 1.15. అంటే ఇరవయ్యో వంతు కూడా లేదు. బొమ్మ కొలత 720×576 చుక్కల నుంచి 352×288కి దిగిపోతుంది. ఇంత కుదించడానికి అది ఏం చేస్తుందంటే, అప్పుడప్పుడు ఒక్క ఫ్రేమే పూర్తిగా దాచుకుంటుంది. మధ్యలో వచ్చేవాటికి, ముందు దానికీ దీనికీ ఏం మారిందో అదే రాసుకుంటుంది. కదలకుండా కూర్చున్న పెళ్ళిపెద్దలైతే మారేదేముంది, శుభ్రంగా కనిపిస్తారు. తలంబ్రాలు పోశారనుకో, ప్రతి గింజా కదిలేదే. రాసుకునే చోటు చాలదు. బొమ్మని ఎటూ 16 చుక్కల గళ్ళుగా విడగొట్టుకునే లెక్కలు వేస్తుంది కాబట్టి, చోటు చాలనప్పుడు ఆ గళ్ళే బయటపడతాయి.

అప్పగింతలప్పుడు మీ తాతయ్య పాలపళ్ళెంలో మీ అమ్మ చెయ్యి ముంచి, మీ నాన్నవాళ్ళ చేతుల్లో పెడుతూ ఏదో అన్నారు. చుట్టూ జనం తోసుకుంటున్నారు, వెనక ఎవరో పూలు చల్లుతున్నారు. మా నాన్న మొహం మొత్తం నాలుగైదు గళ్ళు. ఎడమ బుగ్గ మీద మసూచి మచ్చలుండేవి, అవి లేవు. పెదవులు కదులుతాయి, మాట వినపడదు. క్యాసెట్టులో ఆ మాట వినపడేది, బుజ్జమ్మా. కత్తిరించేటప్పుడు నేను విన్నాను. దాని మీద సన్నాయి ఎక్కించింది నేనే. ఏమన్నారో ఇప్పుడు ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు.

ఈమధ్య తెలిసినబ్బాయి ఒకడు ఏఐలో వేసి బాగు చేస్తానన్నాడు. చేసిచ్చాడు కూడా. నున్నటి బుగ్గలతో ముచ్చటైన మొహం వచ్చింది, ఎవరిదో. లేనిదాన్ని అది మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తుంది, ఊహించి వేస్తుంది. చెరిపేయమన్నాను.

అందుకే చెబుతున్నాను, కుదింపు చూసేవాళ్ళ కోసం. నీ దగ్గర ఉండాల్సింది మెమరీ కార్డులోంచి వచ్చింది వచ్చినట్టు. యూట్యూబుకి 1080పీ, హెచ్.264 (వీడియో కుదించే ఒక పద్ధతి), సెకనుకి 30 ఫ్రేములైతే సెకనుకి 8 మెగాబిట్లు పెట్టమని వాళ్ళే చెబుతారు. ఎనిమిది బిట్లు ఒక బైటు, కాబట్టి సెకనుకి 1 ఎంబీ. ఐదు నిమిషాల పాట 300 ఎంబీ. నెట్ ప్యాకు అయిపోతుందని ఇంకా తగ్గించకు. నువ్వేది ఇచ్చినా వాళ్ళు మళ్ళీ పిండుతారు, పిప్పిని తీసుకెళ్ళి గానుగలో పెట్టొద్దు. నాకు చూపించాలని వాట్సాప్‌లో వీడియోగా పంపావంటే అది మళ్ళీ నా వీసీడీయే. డాక్యుమెంటుగా పంపు. యూట్యూబులో ఉందిగా, పోయినా దించుకోవచ్చు అనుకునేవు. అక్కడి డౌన్‌లోడ్ బటన్ నొక్కి నీ వీడియో నువ్వే దించుకున్నా మామూలుగా 720పీకి మించి రాదు.

ఇక నీళ్ళ సంగతి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు మా కింది వాటాలో నడుముల్లోతు నీళ్ళు. అప్పటికి బుద్ధొచ్చి రెండు డిస్కులు పెట్టుకున్నాను, ఒకదానికొకటి కాపీ. రెండూ ఒకే బీరువాలో, ఒకే కింది అరలో! బురదలోంచి తీసి కడిగి డాబా మీద ఎండబెట్టాను. ఎండబెడితే బతకడానికి అవేమన్నా వడియాలా. నీకు నవ్వొస్తుందిలే, నవ్వు. కానీ మూడు కాపీలుండాలి. ఒకటి గుంటూరు బ్రాడీపేటలో నీ దగ్గర, ఒకటి నెట్‌లో డబ్బు కట్టి తీసుకున్న చోట, ఒకటి కృష్ణానదికి ఇవతల మా ఇంట్లో. మేడ మీద గదిలోకి మార్చేశాను లే బీరువా. గూగుల్ వాళ్ళు ఊరికే ఉచితంగా ఇచ్చే 15 జీబీ నీ ఫొటోలకీ మెయిళ్ళకీ కూడా చాలదు. ఎస్‌ఎస్‌డీ (చిప్పుల్లో దాచే కొత్తరకం డిస్కు) కొని కరెంటు పెట్టకుండా ఏళ్ళతరబడి మూల పడేయకు, అందులో ఉన్నది మెల్లగా కారిపోతుంది. కాపీ అయ్యిందని తెర మీద చూపించినంత మాత్రాన నమ్మకు. తెరిచి, మొదలూ మధ్యా చివరా విని, అప్పుడు కార్డు ఖాళీ చేసుకో. ఫైలు పేర్లకి ముందు సంవత్సరం, నెల, తేదీ, ఆ తర్వాత పాట మొదటి మాట. ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘అసలు ఫైనల్’ అని పెట్టావో, వచ్చి చెవి మెలేస్తాను.

కత్తిరింపులో నీ ఇష్టం నీది. ఒక్కటి మాత్రం అడుగుతాను. అమ్మమ్మ చరణం మర్చిపోయి ఆగి, “ఏమిటే ఆ తర్వాతది?” అని నిన్నడుగుతుంది చూడు, నెట్‌లో పెట్టేదాంట్లో తీసేస్తే తియ్యి, అసలులో ఉంచు. వెనక వీణలు, వేణువులు ఎక్కించకు.

సంక్రాంతి వెళ్ళాక మంచి కెమెరా కొని మొదలుపెడతానన్నావట. మా అమ్మకి 84. పోయిన నెల నేను వచ్చినప్పుడు ఊయల పాట మూడో చరణం దగ్గర ఆగిపోయి, నవ్వేసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎడిటింగు వచ్చే ఏడాది చేసుకో, ఎవరూ తొందరపెట్టడం లేదు. తీయడం మాత్రం ఉన్న ఫోనుతో ఈ వారమే.

ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. కొత్త డిస్కు నేను తెస్తాను. మూడో చరణం నాకు సగం వచ్చు, మీ అమ్మకి మిగతా సగం వచ్చేమో అడిగి చూడు. నేను వచ్చేదాకా కార్డు ఫార్మాట్ చేయకు.

ఉంటాను,
పెద్దమ్మ