ఉపన్యాసాలకైతే వద్దు, మేస్త్రీతో టీ తాగగలిగితే చేరండి

మీరు అడిగింది ఇది: ప్రపంచవ్యాప్తంగా బాలల హక్కుల కోసం పనిచేసే ఒక సంస్థ ఇచ్చే ఏడాది ఫెలోషిప్‌కు ఎంపికయ్యారు. గుంటూరులో ఉండి స్థానికులను ఈ పనిలో కలుపుకోవాలన్నారు. అసలు రోజూ చేయవలసింది ఏమిటి, బి.ఇడి. ఆలోచన పక్కన పెట్టి చేరవచ్చా?

ఇలాంటి ఫెలోషిప్పే నేనూ గుంటూరు, విజయవాడల మధ్య తిరిగి పూర్తి చేశాను కాబట్టి చెబుతున్నాను. ‘సమాజ భాగస్వామ్యం’ అన్న మాట చూసి ర్యాలీలు, వ్యాసరచన పోటీలు, ప్రపంచ బాలల దినోత్సవమైన నవంబరు 20న ప్లకార్డులు ఊహించుకుంటున్నారేమో. అవీ ఉంటాయి, వాటంతట అవే జరిగిపోతాయి. అసలు పని వేరు. ఒక్కో కుటుంబం ఎవరి మాట వింటుందో కనిపెట్టి, ఆ మనిషిని మన వైపు తిప్పుకోవాలి.

జనవరి నుంచి మార్చి దాకా ప్రత్తిపాడు, మేడికొండూరు వైపు వెళ్లి చూడండి. కర్నూలు జిల్లాలోని ఆదోని, కోసిగి, కౌతాళం ప్రాంతాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే మిరపకోతకు వచ్చి చేల పక్కన టార్పాలిన్ గుడారాలు వేసుకుంటాయి. తెల్లవారకముందే పెద్దవాళ్లు చేనులోకి దిగుతారు. పదేళ్ల పిల్ల తమ్ముణ్ణి చంకనేసుకొని గుడారం కాపలా కాస్తుంటుంది. దానికంటే చిన్నవాడు కల్లంలో కూర్చుని ఎర్రకాయల్లోంచి తాలుకాయలు ఏరుతుంటాడు. మధ్యాహ్నానికి వేళ్లు మండిపోతాయి. అదే చేత్తో కళ్లు నులుముకున్నాడంటే ఇక చూడాలి ఏడుపు! తల్లి కాస్త కొబ్బరినూనె రాసి మళ్లీ సాలులోకి వెళ్లిపోతుంది.

ఆ తల్లి దగ్గర కూర్చుని, బాలల హక్కుల ఒడంబడికను ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిందని, మన దేశం 1992లో అందులో చేరిందని చెప్పి చూడండి. మర్యాదగా వింటుంది. మర్నాడు మళ్లీ పిల్లలతోనే చేనుకు వస్తుంది. సీజను మొదలుకాకముందే, కూలీలను తీసుకొచ్చే ముఠా మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉంటారు, అది తీరాలి. కిలోల లెక్కన కూలి అయితే పిల్లవాడు కోసిన కాయా తల్లి లెక్కలోనే పడుతుంది. ఇంటి దగ్గర వదిలి వద్దామంటే అక్కడ కళ్లు కనిపించని ముసలమ్మ తప్ప ఎవరూ ఉండరు.

అందుకే మాట్లాడవలసింది ముఠా మేస్త్రీతో. నాకు తారసపడిన ఒక మేస్త్రీ నన్ను లేబర్ ఆఫీసు మనిషి అనుకొని, నేను వస్తున్నానని తెలియగానే పిల్లలందరినీ చేను అవతలికి పంపేసేవాడు. ఆయనతో నేను చట్టం ఊసెత్తలేదు. కాటా దగ్గర కూర్చుని, టీ తాగి, ఊరి కబుర్లు వినేదాన్ని. అలా వింటుండగా తెలిసింది, ఆయన మనవరాలు మాత్రం ఊళ్లో హాస్టల్లో ఉండి చదువుకుంటోందని. “మేస్త్రీ గారూ, ఆ సీటు ఎలా వచ్చింది?” అని అడిగాను. వలస వెళ్లే కుటుంబాల పిల్లల కోసం సర్కారు నడిపే సీజనల్ హాస్టల్ అది. “మరి ఈ పిల్లల పేర్లు ఎందుకు రాయించలేదు?” అంటే ఆయన కాసేపు ఆలోచించి, “నాకు వీళ్ల మీద పగా ఏమిటమ్మా? అడిగినవాళ్లు లేరు. ఇక్కడికి వచ్చాక ఎక్కడ ఉంచమంటావో నువ్వే చెప్పు” అన్నాడు.

ఆయన మాటలో న్యాయం ఉంది. పిల్లవాడిని చేను నుంచి బయటికి తేవాలంటే, ఎక్కడికి తేవాలో ముందే సిద్ధం చేసుకోవాలి. కాబట్టి మీరు మొదట వెళ్లవలసింది దగ్గరి బడికి. టీసీ లేదు, ఆధార్ ఆ జిల్లాది, ఇది జనవరి, ఇప్పుడు చేర్చుకోవడం కుదరదు అంటారు. విద్యాహక్కు చట్టం 5, 14, 15 సెక్షన్లు చదువుకొని వెళ్లండి. టీసీ ఆలస్యమైందని గానీ, వయసు రుజువు లేదని గానీ, ప్రవేశాల గడువు దాటిందని గానీ పిల్లవాడిని వెనక్కి పంపడానికి వీల్లేదు. అలాగని ఆ కాగితం హెడ్మాస్టరు ముఖాన ఆడించవద్దు. బడి కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి అని అదే చట్టంలోని 21వ సెక్షన్ చెబుతుంది. ఆ ఆడవాళ్లను పట్టుకోండి. నేను తిరిగిన ఊళ్లో కమిటీ అధ్యక్షురాలు ఆ మిరపచేను రైతు భార్యే. ఆవిడ ఒక్క మాట అంటే హెడ్మాస్టరు రిజిస్టరు తీశారు. పొద్దున్నే కూలీలను దింపిన ట్రాక్టరే పిల్లలను బడి దగ్గర దింపేది.

రైతును దుర్మార్గుడిగా చూపే కరపత్రాలు మీ సంస్థ అచ్చువేసి పంపితే బీరువాలోనే ఉంచండి. ఆయనకు పిల్లల చేత కోయించాలని ఉండదు. వాన పడకముందు కాయ ఎండాలి, ధర దిగకముందు టిక్కీలు (మిరప బస్తాలు) మార్కెట్ యార్డుకు చేరాలి, అంతే. కాకపోతే ఒక సంగతి ఆయనకు సంక్రాంతికి ముందే, బెదిరింపులా కాకుండా చెప్పాలి. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ తరువాత 14 ఏళ్లలోపు పిల్లల చేత ఏ పనీ చేయించకూడదు. బడి అయ్యాక సొంత ఇంటి పనిలో సాయం చేయడానికి మినహాయింపు ఉంది గానీ, ఇంకొకరి చేలో తల్లితోపాటు కాయ కోయడం అందులోకి రాదు. జరిమానా 20 వేల నుంచి 50 వేల రూపాయల దాకా ఉంటుంది. ‘పిల్లలు వాళ్ల అమ్మతో వచ్చారండీ, నేను పిలవలేదు’ అన్న సమాధానం మీరు వందసార్లు వింటారు. విసుక్కోకండి.

విజయవాడ సంగతి వేరు. అది పెద్ద జంక్షను. ఇంట్లో అలిగి రైలెక్కిన పిల్లలు అక్కడ దిగుతారు. వాళ్ల కోసం నవజీవన్ బాలభవన్ లాంటి సంస్థలు ఎప్పటి నుంచో ఉన్నాయి, పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది, దొరికిన పిల్లవాడిని 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలన్న నియమం ఉంది. అక్కడ మీరు కొత్తగా కనిపెట్టవలసింది ఏమీ లేదు. ప్లాట్‌ఫారం మీద టీ అమ్మేవాళ్లతో, పోర్టర్లతో పరిచయం పెంచుకుంటే చాలు. ఒంటరి పిల్లవాడు అందరికంటే ముందు వాళ్ల కంటికే పడతాడు.

ఇక ‘ప్రపంచవ్యాప్తంగా’ అన్న భాగం. అప్పుడప్పుడూ ఇతర దేశాల ఫెలోలతో ఆన్‌లైన్ సమావేశాలు ఉంటాయి. బెరుకు పడకండి. అక్కడ అందరూ నీతులు చెప్పే స్థితిలో లేరు. అమెరికా బాలల హక్కుల ఒడంబడికపై 1995లో సంతకం చేసి ఇప్పటికీ ధ్రువీకరించలేదు. మనమూ చేరేటప్పుడు బాలకార్మికుల గురించి చెప్పే 32వ అధికరణం దగ్గర ‘దశలవారీగా అమలు చేస్తాం’ అని ప్రకటన జతచేశాం. ఇలాంటివి తెలిసి ఉంటే సంభాషణ సమానుల మధ్య సాగుతుంది. ఇతర దేశాల వాళ్లకు శాంతా సిన్హా గారి గురించి చెప్పండి. బడిలో లేని ప్రతి పిల్లవాడూ బాలకార్మికుడే అన్న సూత్రం పట్టుకొని, ఊరివాళ్ల చేతే పిల్లలను బడికి చేర్పించిన మనిషి, 2003 మెగసెసె అవార్డు గ్రహీత. నాకైతే శిక్షణ తరగతుల కంటే ఆవిడ పద్ధతే ఎక్కువ పనికొచ్చింది.

పై ఆఫీసు నుంచి ‘విజయగాథ పంపండి, ఫొటోతో’ అని మెయిళ్లు వస్తూనే ఉంటాయి. చట్టం రక్షణలోకి వచ్చిన పిల్లల పేరు, ఊరు, బడి, ఫొటో బయటపెట్టడం నేరం. బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ పేరు రాసి తిప్పి పంపండి. మిగతా పిల్లల ముఖాలైనా నేను ఎవరికీ పంపలేదు. ఈ ఒక్క విషయంలో మొండిగా ఉన్నా తప్పులేదు.

డబ్బు గురించి: నాకు స్టైపెండ్ ఏ నెలా వేళకు రాలేదు. ఇంటి అద్దె, పెట్రోలుకు మూడు నెలల సొమ్ము చేతిలో లేకుండా దిగవద్దు. బి.ఇడి. సీటు ఇప్పటికే వచ్చి ఉంటే అది వదులుకోకండి, ఫెలోషిప్పులు మళ్లీ వస్తాయి. సీటు ఇంకా రాకపోతే మాత్రం చేరండి. రేపు టీచరైతే టీసీ లేకుండా గుమ్మంలో నిలబడే పిల్లవాడితో ఏం చేయాలో మీకు ముందే తెలిసి ఉంటుంది.

చేరే తేదీ ఎంచుకోనిస్తే జూన్ అడగండి. బడులు తెరిచే సమయంలో టీచర్లు, అంగన్‌వాడీ వాళ్లు, డ్వాక్రా సంఘాల వాళ్లు పరిచయమవుతారు. దసరా సెలవుల్లో ఆదోని వైపు ఒకసారి వెళ్లి, మేస్త్రీలు ఏ ఊళ్ల నుంచి ఎవరిని తెస్తున్నారో కనుక్కుని, ఆ పేర్ల జాబితా అక్కడి మండల విద్యాధికారికి ఇచ్చి రండి. జనవరిలో చేరితే గుడారాలు వేశాకే వాళ్లను చూస్తారు, ఆ ఏడాది హాస్టల్ సీట్ల మాట అప్పటికే దాటిపోయి ఉంటుంది.