నాలుగింటికి లేవలేకపోతే గ్రూప్-2 రాదా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. డిగ్రీ పూర్తిచేసి ఇంట్లోనే ఉండి గ్రూప్-2కి చదువుతున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివితేనే ఉద్యోగం వస్తుందని అందరూ అంటారు. అలారం పెట్టుకుని రెండు మూడు రోజులు లేస్తాను, ఆ తర్వాత నావల్ల కాదు. లేచిన రోజు కూడా పదకొండయ్యేసరికి పుస్తకం మీదే కునుకు పడుతుంది. వాకిలి ఊడ్చి సాన్పు చల్లి ముగ్గేయడం, బర్రె పని, అమ్మకు వంటలో సాయం, తమ్ముడికి టిఫిన్ బాక్సు... ఇవన్నీ అయ్యేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. రాత్రి గిన్నెలు తోమి పక్క ఎక్కేసరికి పదకొండు, కాసేపు ఫోన్ చూస్తే పన్నెండు. నాకు పట్టుదల లేదని నాన్న అంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదమ్మా. పన్నెండింటికి పడుకుని నాలుగింటికి లేస్తే మీకు దక్కేది నాలుగు గంటల నిద్ర. పెద్దవాళ్ళకు కనీసం ఏడు గంటలు కావాలి. రెండు మూడు రోజులు ఓర్చుకున్న శరీరం ఆ తర్వాత తన బాకీ తాను వసూలు చేసుకుంటుంది. పదకొండింటికి వచ్చే కునుకు కూడా అదే. పైగా పగలు చదివింది జ్ఞాపకంలో కుదురుకోవడానికి నిద్ర కావాలి. నిద్ర చంపుకుని చదివిన పాలిటీ పరీక్ష హాల్లో గుర్తుకు రాకపోతే ఆ కష్టమంతా ఎందుకు?

బ్రాహ్మీ ముహూర్తంలో లేవమని పెద్దలు చెప్పింది తప్పు కాదు. అది సూర్యోదయానికి గంటా ముప్పై ఆరు నిమిషాల ముందు మొదలవుతుంది. కానీ ఆ మాట చెప్పిన కాలంలో దీపాలు పెట్టగానే తిని, ఎనిమిదింటికల్లా నిద్రపోయేవారు. వాళ్ళు లేచే వేళ ఒక్కటే తీసుకుని, పడుకునే వేళను వదిలేస్తే ఎవరికీ సాధ్యం కాదు. అందుకే పొద్దున్న లేవడం గురించి అడిగిన ఎవరినైనా నేను ముందు రాత్రి గురించే అడుగుతాను.

మీకు నేను చెప్పే లెక్క ఇది. రాత్రి పదింటికి పడక, పొద్దున ఐదుంపావుకు లేవడం. అప్పుడు నిద్ర ఏడుంపావు గంటలు. ఇది రేపటి నుంచే చేయకండి. ఇప్పుడు మామూలుగా ఏ వేళకు మెలకువ వస్తోందో చూసి, దానికంటే పావుగంట ముందుకు జరపండి. నాలుగైదు రోజులు అలా అలవాటయ్యాక ఇంకో పావుగంట. పడుకునే వేళనూ దాంతోపాటే ముందుకు తేవాలి. లేవగానే ముఖం కడుక్కుని పెద్ద లైటు వేసుకోండి, తెల్లారగానే వాకిట్లోకి రండి. మెదడులోని గడియారం వెలుతురును చూసే తన వేళను సరిచేసుకుంటుంది. ఈ విషయంలో మీకొక సౌకర్యం ఉంది: సాన్పు చల్లడానికి, బర్రె దగ్గరికి ఎలాగూ బయటికే వెళతారు. రాత్రి ఫోన్‌ను వంటింట్లో చార్జింగ్‌కు పెట్టేయండి. అలారం అక్కడ మోగితే లేచి నడవక తప్పదు, పడుకునే ముందు చూసే అవకాశమూ ఉండదు. టీ, కాఫీలు సాయంత్రం నాలుగు దాటాక వద్దు.

లేచాక ఇంటిపని మొదలయ్యేలోపు మీకు నలభై నిమిషాలు చిక్కుతాయి. ఆ సమయంలో కొత్త పాఠం ముట్టుకోవద్దు. నిద్ర మత్తు పూర్తిగా వదలడానికే పావుగంటో అరగంటో పడుతుంది, అప్పుడు కొత్తది తలకెక్కదు. నిన్న చదివింది పుస్తకం మూసి కాగితం మీద రాయండి. రాలేదనుకున్న చోట గుర్తు పెట్టి, అప్పుడు పుస్తకం తెరవండి. మిగిలిన టైంలో ఓ పదిహేను బిట్లు చేయండి. ఏం రాయాలో, ఏ బిట్లు చేయాలో రాత్రే నిర్ణయించుకుని ఆ పేజీ తెరిచి బల్ల మీద పెట్టుకోండి. పొద్దున్నే లేచి ‘ఇవాళ ఏం చదవాలి’ అని ఆలోచించడం మొదలుపెడితే ఉన్న నలభై నిమిషాలూ అందులోనే పోతాయి.

ఇంటిపని చేసే సమయం మొత్తం వృథా అనుకోకండి. నాలుగో పేపర్ తెలంగాణ ఉద్యమం కదా. 1952 ముల్కీ ఉద్యమం, 1956 పెద్దమనుషుల ఒప్పందం, 1969 ఉద్యమం, 1985లో 610 జీవో, 2009 డిసెంబర్ 9 ప్రకటన, 2014 జూన్ 2... ఈ వరుసను మీ గొంతుతోనే ఫోన్‌లో రికార్డు చేసుకుని, పాలు పిండుతూ, కూరగాయలు తరుగుతూ వినండి. సంవత్సరం పక్కన కారణం కూడా చెప్పుకోండి. ఆకాశవాణి ఉదయం వార్తలు కూడా ఇలాగే వినొచ్చు.

ఇప్పుడు అసలు విషయం. ఇంట్లో చదువుకుంటున్న ఆడపిల్ల సమయాన్ని అందరూ తమదే అనుకుంటారు. ‘ఖాళీగానే ఉంది కదా’ అన్న ఒక్క మాటతో రోజు ముక్కలైపోతుంది. కోచింగ్‌కు హైదరాబాద్ వెళ్ళిన అబ్బాయిని మధ్యలో లేపి షాపుకు పంపేవాళ్ళు ఉండరు, మిమ్మల్ని పంపుతారు. మీకు లేనిది పట్టుదల కాదమ్మా, ఎవరూ కదిలించని రెండున్నర గంటలు. అందుకే ఈ జవాబును అమ్మానాన్నలకు చదివి వినిపించండి.

అమ్మా, నాన్నగారూ, మీరూ వినండి. గ్రూప్-2లో నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు, మొత్తం 600. ఇంటర్వ్యూ లేదు, రాత పరీక్షతోనే తేలిపోతుంది. 2024 డిసెంబర్‌లో ఉదయం పేపర్ 10 నుంచి 12.30 వరకు జరిగింది. మీ అమ్మాయికి రోజూ సరిగ్గా ఆ రెండున్నర గంటలు వదిలేయండి. ఆ సమయంలో చుట్టాలొచ్చినా, పాలవాడొచ్చినా పిలవద్దు. తమ్ముడు తన బాక్సు తను కట్టుకోగలడు, బర్రెకు గడ్డి వేయగలడు. ఆ ఒక్క మార్పుతో అక్కకు అరగంట మిగులుతుంది. రాత్రి గిన్నెల పనిని ఇద్దరు ముగ్గురు పంచుకుంటే ఆమె పదింటికి పడుకోగలదు. ఇది జరగకపోతే నేను పైన చెప్పినదేదీ నిలబడదు.

10 నుంచి 12.30 వరకు కష్టమైన సబ్జెక్టు పెట్టుకోండి. మీకు ఎకానమీ అయితే ఎకానమీ, డేటా ఇంటర్‌ప్రిటేషన్ అయితే అది. పరీక్ష జరిగే వేళకే మెదడు రోజూ పనిచేయడం అలవాటైతే ఆ రోజు టెన్షన్ తగ్గుతుంది. మధ్యాహ్నం తిన్నాక నిద్రొస్తే ఇరవై నిమిషాలు పడుకోండి, తప్పేమీ లేదు. గంట దాటితే మాత్రం రాత్రి నిద్ర పట్టదు.

తప్పిన రోజుల సంగతి. నెలసరి నొప్పి ఉంటుంది, నాట్లు వస్తాయి, బతుకమ్మ వస్తుంది, బంధువుల పెళ్ళి వస్తుంది. ఆ రోజుల కోసం ఇప్పుడే ఒక చిన్న లెక్క పెట్టుకోండి: ఐదు బిట్లు, ఒక పేజీ. అంతే. 21 రోజులు చేస్తే అలవాటైపోతుందని వీడియోల్లో చెబుతుంటారు, దాన్ని నమ్మి 22వ రోజు బద్ధకం వేసిందని నిరాశపడేవాళ్ళు నా దగ్గరికి చాలామంది వస్తారు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్ పరిశోధకులు 96 మందిని గమనిస్తే, అలవాటు కుదరడానికి మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా పడుతుందని అంచనా తేలింది, సగటున 66 రోజులు. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదు కూడా. కాబట్టి తప్పితే తిట్టుకోకుండా మరుసటి రోజు అదే వేళకు లేవండి. తప్పిన చదువు తీర్చడానికి నాలుగింటికి లేవడం మాత్రం వద్దు, మళ్ళీ మొదటికొస్తారు. ఆదివారం కూడా అదే వేళ, మరీ అలసిపోతే ఇంకో అరగంట.

2024 డిసెంబర్ గ్రూప్-2 పరీక్షలో మధ్యాహ్నం పేపర్ 3 నుంచి 5.30 వరకు ఉంది. అందుకే మొదటి నెల గడిచి ఉదయం దారిలో పడ్డాక, ఆదివారాల్లో రెండు మాక్ టెస్టులు రాయండి, ఒకటి 10కి, ఇంకోటి 3కి. రెండో దాంట్లో మార్కులు బాగా తగ్గుతుంటే ముందు నిద్ర చూడండి, తర్వాత మధ్యాహ్న భోజనం చూడండి, సబ్జెక్టును ఆఖరున అనుమానించండి.