భాగం వద్దంటున్న భర్త

ప్రశ్న: మామగారు రెండేళ్ల కిందట పోయారు, అత్తగారు అంతకుముందే పోయారు. ఉన్న ఆరెకరాల్లో మా బావగారు మాకు ఎకరన్నర ఇస్తానంటున్నారు. మావారేమో "సగం ఇవ్వాలి, లేదా కోర్టు. నాకు దక్కకపోయినా సరే, వాడికీ దక్కకూడదు" అంటున్నారు. ఆడపడుచు ఒక్కతే ఇద్దరితోనూ మాట్లాడుతోంది. మా తమ్ముడు మావారికి మగ హార్మోన్ ఎక్కువైందని, టెస్టు చేయించమని అంటున్నాడు. చేయించాలా?

జవాబు: ఈ కోపానికి టెస్టు అక్కర్లేదమ్మా. 1982లో జర్మనీ పరిశోధకులు ఒక ఆట ఆడించారు. డబ్బు ఒకరికిచ్చి, రెండోవారికి ఎంతిస్తావో చెప్పమంటారు. రెండోవారు ఒప్పుకుంటే ఇద్దరికీ వస్తుంది, కాదంటే ఇద్దరికీ సున్నా. ఎంత ఇచ్చినా తీసుకుంటే లాభమే. అయినా మరీ తక్కువ ఇస్తామంటే చాలామంది వదులుకుంటారు. మీవారూ అదే చేస్తున్నారు. తనను తక్కువ చేశారన్న బాధ అది.

మీ తమ్ముడి మాటలో కొంత నిజముంది. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో హార్వర్డ్ విద్యార్థులతో ఈ ఆట ఆడిస్తే, 40 డాలర్లలో 5 ఇస్తామంటే వద్దన్న మగపిల్లల్లో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ సగటున ఎక్కువగా కనబడింది. కానీ 2010లో జ్యూరిక్ పరిశోధకులు ఆడవాళ్లకు ఆ హార్మోన్ ఒక మోతాదు ఇచ్చి చూస్తే, అది అందినవాళ్లు ఎదుటివారికి ఇంకాస్త న్యాయంగా పంచారు. నిజంగా అందినా అందకపోయినా, తమకు హార్మోన్ ఇచ్చారని నమ్మినవాళ్లు మాత్రం తక్కువ పంచారు. అందుకే గట్టిగా చెబుతున్నా, "మగ హార్మోన్ ఎక్కువైంది" అన్న మాట మీవారి చెవిన పడనివ్వకండి. నేనింతే అనుకుంటే ఇంకా బిగుసుకుపోతారు.

స్వభావం సంగతీ అంతే. తొందరగా క్షమించే గుణం ఉన్నవాళ్లు తక్కువ ఇచ్చినా సరేనంటారు. మీవారికి ఆ గుణం కాస్త తక్కువేమో, అది జబ్బు కాదు. నిద్ర పట్టకపోయినా, తాగుడు పెరిగినా, చెయ్యి చేసుకున్నా మాత్రం డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి.

ఎకరాల మాట పక్కన పెట్టి "బావగారు ఏమన్నారని మీకింత కష్టం వేసింది?" అని అడగండి, పూర్తిగా చెప్పనివ్వండి. ఎకరన్నర లెక్క ఎలా వచ్చిందో బావగారినీ అడగాలి. మామగారి వైద్యం ఖర్చు ఆయనే పెట్టుకున్నారేమో, ఆ లెక్క బయటికి రావాలి.

ఇంకొకటి, అన్నదమ్ములిద్దరూ చెల్లెల్ని లెక్కలోకే తీసుకోలేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే. మామగారు వీలునామా రాయకపోతే చట్టప్రకారం ఆమెకూ సమాన భాగం ఉంటుంది. కాగితాలు లాయరుకు చూపించి రూఢి చేసుకోండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఈ సాయం ఉచితం. అలా చూస్తే తలా రెండెకరాలు. అంటే బావగారు ఇస్తానన్నదానికీ మీకు రావాల్సినదానికీ తేడా అరెకరమే. ఈ మాట మీవారితో ఆడపడుచు చేతే చెప్పించండి.