కారు ఇన్సూరెన్స్: 'నో ఫాల్ట్' రాష్ట్రంలో లయబిలిటీ ఎంత ఉండాలి?

ప్రశ్న: నాలుగేళ్లు టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉండి, మావారి ఉద్యోగం మారడంతో ఈమధ్యే న్యూజెర్సీలోని ఎడిసన్‌కు వచ్చాం. ఇద్దరం హెచ్1బీ మీదే ఉన్నాం. ఇది నో ఫాల్ట్ రాష్ట్రం కాబట్టి లయబిలిటీ (మన తప్పు వల్ల ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి కట్టే కవర్) కనీసం పెట్టుకుంటే చాలని స్నేహితులు అంటున్నారు. ఏజెంటేమో బేసిక్ పాలసీ చౌక అని, యాక్సిడెంట్ చికిత్సకు ముందు హెల్త్ ఇన్సూరెన్సే కట్టేలా, అంటే దాన్నే ప్రైమరీగా పెట్టుకుంటే ఇంకా తగ్గుతుందని చెబుతున్నాడు. వేసవిలో అమ్మానాన్న వస్తున్నారు. ఏం తీసుకోమంటారు?

జవాబు: బేసిక్ పాలసీ మాత్రం వద్దండి. స్టాండర్డ్ పాలసీయే తీసుకోండి, అందులోనూ లయబిలిటీ కనీసం దగ్గర ఆపకండి.

మీ స్నేహితులు పొరబడుతున్నది ఒక్కచోటే. నో ఫాల్ట్ అనేది ముఖ్యంగా వైద్య ఖర్చుల సంగతి. యాక్సిడెంట్ ఎవరి వల్ల జరిగినా మీ చికిత్సకు మీ పాలసీయే కడుతుంది. దాన్నే పర్సనల్ ఇంజురీ ప్రొటెక్షన్, పొట్టిగా పీఐపీ అంటారు. ఎదుటి కారు రిపేరుకు, ఎదుటివాళ్లకు తగిలిన తీవ్రమైన గాయాలకు న్యూజెర్సీలో కూడా తప్పు చేసినవాళ్లదే బాధ్యత. పైగా ఇక్కడ 'దావా హక్కుపై పరిమితి' అనే ఎంపిక ఉంది. అది ఎంచుకున్నవాళ్లు, శాశ్వత గాయం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప, పడిన బాధకు పరిహారం అడగలేరు. పూర్తి హక్కు ఉంచుకున్నవాళ్లు మాత్రం చిన్న గాయానికైనా దావా వేయగలరు. రోడ్డు మీద మీకు ఎదురయ్యే మనిషి ఏది ఎంచుకున్నాడో మీకెలా తెలుస్తుంది?

స్టాండర్డ్ పాలసీలో 2026 జనవరి 1 నుంచి కనీస లయబిలిటీ 35,000/70,000/25,000 డాలర్లు. ఒక మనిషి గాయాలకు 35 వేలు, ఆ యాక్సిడెంట్‌లో గాయపడిన అందరికీ కలిపి 70 వేలు, ఆస్తి నష్టానికి 25 వేలు. సిగ్నల్ దగ్గర ముగ్గురున్న కొత్త ఎస్‌యూవీని వెనకనుంచి గుద్దారనుకోండి, బండి ఒక్కదానికే ఆ 25 వేలు సరిపోకపోవచ్చు. మిగతాది మీ సేవింగ్స్ నుంచి, జీతం నుంచి వెళ్లాల్సిందే. ఇండియాలో థర్డ్ పార్టీ పాలసీకి గాయాలు, మరణం విషయంలో పరిమితి ఉండదు, ట్రిబ్యునల్ ఎంత చెబితే అంత కంపెనీ కడుతుంది. ఆ అలవాటుతో మనవాళ్లు ఇక్కడ కూడా 'ఇన్సూరెన్స్ ఉందిగా' అని నిశ్చింతగా ఉండిపోతారు. నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే.

మీ ఇద్దరి జీతాలకు 250,000/500,000 లయబిలిటీ, ఆస్తి నష్టానికి లక్ష పెట్టుకోమంటాను. ఇంకో కారణం కూడా ఉంది. ఇన్సూరెన్స్ లేనివాడో, చాలీచాలని ఇన్సూరెన్స్ ఉన్నవాడో మిమ్మల్ని గుద్దితే ఆదుకునే అన్‌ఇన్సూర్డ్, అండర్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవర్ మీ లయబిలిటీని మించి ఇవ్వరు. అది తగ్గితే ఇదీ తగ్గినట్టే. బేసిక్ పాలసీలో అయితే ఈ కవరే ఉండదు.

ఇక పీఐపీ. బేసిక్‌లో మామూలుగా 15,000 డాలర్లే. కొన్ని తీవ్రమైన గాయాలకు మాత్రం 250,000 దాకా వెళ్తుంది. ఎమర్జెన్సీ రూము, స్కానింగులు, ఒక సర్జరీ అంటే 15 వేలు ఎక్కడికి సరిపోతాయి? స్టాండర్డ్‌లో మీరు తగ్గించమని అడగకపోతే 250,000 ఉంటుంది. దాన్ని అలాగే ఉంచండి. మీ కారులో కూర్చున్న అమ్మానాన్నలకూ ఇది వర్తిస్తుంది. విజిటర్ ఇన్సూరెన్సుల్లో చాలావాటికి ఒక్కో చికిత్సకు ఇంతే అని పరిమితి ఉంటుంది కాబట్టి, వాళ్లకు ఈ కవర్ పెద్ద అండ.

హెల్త్ ఇన్సూరెన్స్‌ను ప్రైమరీ చేయమన్న సలహా అందరికీ తప్పు కాదు, మీకు మాత్రం నప్పదు. ముందు మీ హెల్త్ ప్లాన్ కారు యాక్సిడెంట్లకు కడుతుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. పైగా మీది ఉద్యోగంతో ముడిపడిన ఇన్సూరెన్స్. లేఆఫ్ వచ్చి అది ఆగిపోయిన సమయంలో యాక్సిడెంట్ జరిగితే పీఐపీ కడుతుంది గానీ, మామూలు డిడక్టబుల్‌కు (కంపెనీ కట్టేముందు మీరు చేతినుంచి పెట్టుకునే మొత్తం) తోడు మరో 750 డాలర్లు మీ మీద పడతాయి.

ప్రీమియం తగ్గాలంటే కొలిజన్ (గుద్దుకున్నప్పుడు మీ సొంత బండి నష్టానికి కట్టే కవర్) డిడక్టబుల్‌ను 1,000కి పెంచండి. రెండో కారు బాగా పాతదైతే దానికి కొలిజన్ తీసేయండి. దావా హక్కు మీద పరిమితి ఎంచుకున్నా తగ్గుతుంది. లయబిలిటీ కోసం అది వదులుకోవడం నా దృష్టిలో సబబే.

టెక్సస్ పాలసీతో ఇక్కడ నెట్టుకురావాలని చూడకండి. నివాసం మారిన 60 రోజుల్లోగా బండి రిజిస్ట్రేషన్ న్యూజెర్సీకి మార్చుకోవాలి, దానికి ఇక్కడి ఇన్సూరెన్స్ కావాలి. ఈ వారమే ఏజెంటును పైన చెప్పిన అంకెలతో ఒక కోట్, కనీస అంకెలతో ఇంకో కోట్ అడగండి. రెండింటి తేడా చూశాక అవసరమనిపిస్తే మళ్లీ రాయండి.