గ్రూపులో మార్కులు, ఇంట్లో గొడవలు

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లాలో చిన్న ఊరు. బీడీలు చేస్తాను. మా ఆయన ఆరేళ్లుగా దుబాయ్‌లో ఉంటున్నాడు. ఇంట్లో నేను, మా అత్తమ్మ, మూడో తరగతి చదివే బాబు ఉంటాం. బాబును ఊరి సర్కారు బడిలోనే వేశాం. అక్కడ నలభై మంది పిల్లలు, ఇద్దరు సార్లు. ఈ ఏడు వాట్సాప్ గ్రూపు పెట్టి హోంవర్కు, మార్కులు అన్నీ అందులోనే పంపుతున్నారు. చాలావరకు ఇంగ్లిష్‌లో ఉంటాయి, నాకు అర్థం కావు. మా ఆయన కూడా ఆ గ్రూపులో ఉన్నాడు. ఎఫ్‌ఏ-1 మార్కుల ఫొటోలో బాబుకు తెలుగులో, లెక్కల్లో సి గ్రేడు చూసి 'ఇంట్ల ఉండి ఏం చేస్తున్నవ్' అని ఫోన్లో అరిచాడు. ఆ కోపంలో బాబును కొట్టాను. ఇప్పుడు వాడు నోటుబుక్కు దాచేస్తున్నాడు. పొద్దున్నే కడుపునొప్పి, బడికి పోనంటున్నాడు. అత్తమ్మ ట్యూషన్ పెట్టమంటోంది. ఆయన కోరుట్లలో ప్రైవేటు బడికి మార్చమంటున్నాడు. ఏడో తరగతితో ఆగిపోయిన నేను, చదువు రాని నేను ఏం చేయగలను?

జవాబు: ఏడో తరగతి దాకా తెలుగులో చదివిన తల్లి 'చదువు రాని నేను' అని రాయడం చూస్తే బాధ కలిగింది. మూడో తరగతి పిల్లవాడికి కావలసిన తెలుగూ లెక్కలూ మీ దగ్గర ఉన్నాయి. అర్థం కానిదల్లా ఆ మెసేజీల భాష. దాన్ని మార్చమని సారును అడగవచ్చు. ఎలా అడగాలో చెబుతాను. కానీ ముందు బాబు సంగతి చూద్దాం.

ఈ రాత్రి పడుకునే ముందు వాడి పక్కన కూర్చుని, 'ఆ రోజు కోపంల కొట్టిన. అది నా తప్పు. ఇగ మార్కులకు కొట్ట' అని చెప్పండి. అంతకు మించి వద్దు. వెంటనే 'కానీ నువ్వు కూడా మంచిగ చదవాలె' అని కలిపితే ఆ మాటే గుర్తుంటుంది, క్షమాపణ పోతుంది. ఒక వారం సంచి వెతకకండి, నోటుబుక్కు అడగకండి. దాచే పిల్లవాడు మొండివాడని అనుకుంటాం గానీ, అందులో ఎర్ర గీతలున్నాయని భయపడుతున్నాడు. కడుపునొప్పి బడి రోజుల్లో పొద్దున్నే వచ్చి, ఆదివారం రాకపోతే అది చాలావరకు భయం వల్ల వచ్చేదే. నొప్పి రాత్రి నిద్రలేపినా, జ్వరం, వాంతులు ఉన్నా, తిండి తగ్గి బక్కచిక్కినా పీహెచ్‌సీలో డాక్టరుకు చూపించండి. తోటి పిల్లలెవరైనా 'సి గ్రేడు' అని వెక్కిరిస్తున్నారేమో కూడా మెల్లగా కనుక్కోండి. మార్కుల ఫొటో గ్రూపులో అందరి ఫోన్లకూ వెళ్లింది కదా.

ఇక ఆ సి గ్రేడు. ఎఫ్‌ఏ అంటే ఒక్క పరీక్ష కాదు. తరగతిలో పిల్లవాడు పాల్గొనడం, నోటుబుక్కుల రాత, ప్రాజెక్టు పని, చివర చిన్న పరీక్ష, ఈ నాలుగూ కలిపి ఇచ్చేది. చదవగలిగీ ప్రాజెక్టు ఇవ్వని పిల్లవాడికీ, అసలు పదాలు కూడబలుక్కోలేని పిల్లవాడికీ ఒకే గ్రేడు రావచ్చు. ఇద్దరికీ చేయాల్సింది మాత్రం వేరు. గ్రేడు చూసి మీ ఆయన ఒకటి అనుకున్నారు, మీరు ఇంకొకటి అనుకున్నారు. వాడికి నిజంగా ఏది రాదో ఇంకా ఎవరూ చూడలేదు.

అది మీరే చూడగలరు. ఆదివారం వాడు తిన్నాక, మీ ఒళ్లో బీడీల చాట లేనప్పుడు పది నిమిషాలు చాలు. నాలుగు చీటీల మీద ఐదేసి పదాలు పెద్ద అక్షరాలతో రాయండి. మొదటి చీటీలో గుణింతం, ఒత్తు లేనివి: పలక, వల, జత, గడప, అరక. రెండో దాంట్లో గుణింతాలు: మేక, చీపురు, గొడుగు, పులి, తోట. మూడో దాంట్లో అదే అక్షరానికి అదే ఒత్తు వచ్చే ద్విత్వాలు: అవ్వ, కట్టె, గుడ్డు, నాన్న, పిల్లి. నాలుగో దాంట్లో వేరే అక్షరం ఒత్తుగా వచ్చే సంయుక్తాలు: పుస్తకం, చక్రం, వర్షం, బస్తా, చంద్రుడు. ఐదింట్లో నాలుగు తడబడకుండా చదివితే తర్వాతి చీటీకి వెళ్లండి. ఎక్కడ రెండు మూడుకు పడిపోతాడో మీ పని అక్కడ మొదలవుతుంది. మూడో తరగతి పిల్లలు చాలామంది ఒత్తుల దగ్గరే ఆగిపోతారు. మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించి చెప్పేస్తుంటారు, మనకు చదివినట్టే ఉంటుంది. అందుకే రెండో చీటీలో 'కొడి' అని వాడు విని ఉండని పదం ఒకటి అదనంగా కలపండి. 'కోడి' అన్నాడంటే అక్షరాలు చూడటం లేదన్నమాట. ప-వ, మ-య, కొ-కో, ద-ధ తికమక పడుతున్నాడేమో గమనించి రాసుకోండి. తప్పు చెప్పినప్పుడు 'ఊహూ' అనకండి, ముఖం మార్చకండి. ఆ రోజు నేర్పించనూ వద్దు, ఊరికే చూడండి.

ఎవరైనా మూడో తరగతిలో నిమిషానికి 60 పదాలు చదవాలి అంటే కంగారు పడొద్దు. ఆ లెక్క 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ చదువు కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యాల్లో ఉంది. కానీ 'వచ్చేటప్పటికి' లాంటి పొడుగు మాట కూడా తెలుగులో ఒక్క పదమే, అందుకే పదాల లెక్కతో వేగం సరిగ్గా తేలదు. వేగం కన్నా, చదివినదాన్ని తన మాటల్లో చెప్పగలుగుతున్నాడా అన్నది చూడండి.

ఆదివారం మీరు రాసుకున్న కాగితం పట్టుకుని సారు దగ్గరికి వెళ్లండి. ఇద్దరు సార్లు ఐదు తరగతులు చూస్తున్న బడి అది. పొద్దున ప్రార్థన వేళ, మధ్యాహ్న భోజనం వేళ వెళితే నిలబడి రెండు మాటలు చెప్పి పంపేస్తారు. ముందు రోజు అడిగి, బడి విడిచాక పది నిమిషాలు తీసుకోండి. బాబు పక్కన ఉండకూడదు. ఇలా అడగండి: 'సార్, మావోడు చదువుతుంటే ఏడ ఆగుతుండు? లెక్కల్ల ఏడ ఆగుతుండు? ఈ పదిహేను రోజులు నేను ఇంట్ల ఏ ఒక్కటి చేయించాలె?' చాలాచోట్ల జవాబు 'బాగానే ఉన్నడమ్మా, కొంచెం అల్లరి తగ్గించాలె' అని వస్తుంది. అది మర్యాదకు చెప్పే మాట, దానితో ఇంటికొస్తే చేతిలో ఏమీ ఉండదు. అప్పుడు తెలుగు పుస్తకం తెరిచి, 'ఈ పేజీల ఏ లైను దాకా చదవగలడు సార్?' అనండి. పేజీ ఎదురుగా ఉంటే జవాబు దానంతట అదే సూటిగా వస్తుంది. చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం రాష్ట్రం పెట్టిన తొలిమెట్టు కార్యక్రమం కింద 2022 నుంచి ప్రాథమిక బడుల్లో ఏ పిల్లవాడు ఏ స్థాయిలో ఉన్నాడో పరీక్షించి రాసుకోవాలి. ఆ వివరం కూడా అడగండి. ఇదంతా సారు మీకు చేసే ఉపకారమేమీ కాదు. పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, ప్రగతి గురించి తల్లిదండ్రులతో క్రమంగా సమావేశమై చెప్పడం ఉపాధ్యాయుల విధి అని 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్‌లో ఉంది. కానీ చట్టం పేరు ఎత్తితే మాట బిగుసుకుంటుంది. ఆ ధైర్యం మనసులో ఉంచుకుని మామూలుగా అడగండి.

అదే రోజు గ్రూపు గురించి రెండు కోరికలు చెప్పండి. ఒకటి, మార్కులు గ్రూపులో కాకుండా ఎవరివి వాళ్లకు పంపమని. రెండు, వారానికి ఒకసారి అర నిమిషం తెలుగులో నోటితో చెప్పి పంపమని: ఈ వారం తెలుగులో ఏ పాఠం, లెక్కల్లో ఏది, ఇంట్లో ఏం చేయించాలి. తెలుగులో టైపు చేయడం కష్టమై ఇంగ్లిష్‌లో పంపే సార్లు ఉంటారు. నోటితో చెప్పడం వాళ్లకూ సులువు. ఒక్కరే అడిగితే మీ ఇంటి సమస్యలా ఉంటుంది, ఇంకో ఇద్దరు తల్లులను తోడు తీసుకెళ్లండి. అయినా కదలకపోతే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ ఉంది. దానికి మీ గ్రామ మహిళా సంఘం అధ్యక్షురాలే పెద్ద, ఆమె చెవిన వేయండి. ఈలోగా వచ్చే మెసేజీలు మీ వాడలో హైస్కూలు చదివే అమ్మాయెవరైనా చదివి చెబితే సరిపోతుంది. ఇంకో సంగతి. మీ బాబు లెక్కల పుస్తకం ఇంగ్లిష్‌లో ఉందని పక్కన పెట్టి ఉంటారు. 2022-23 నుంచి ఇస్తున్న ఆ పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ అదే పాఠం తెలుగులో ఉంటుంది. తెరిచి చూడండి.

రోజూ పదిహేను నిమిషాలు చాలు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి వచ్చే మీకు పదిహేను నిమిషాలంటే డబ్బే, అది తెలిసే చెబుతున్నాను. చాట ముందు పెట్టుకుని వాడిని పక్కన కూర్చోబెట్టి చదివించడం వద్దు. పొగాకు దుమ్ము వాడికి మంచిది కాదు. పైగా నాలుగు రోజులకు చదువు పోయి ఆకు కత్తిరించడం మొదలవుతుంది. పనికి ముందో తర్వాతో విడిగా కూర్చోండి. ఐదు నిమిషాలు వాడు ఆగిన చీటీలోని రకం పదాలు, రోజుకు ఐదు కొత్తవి, నిన్నటివి ఐదు. ఐదు నిమిషాలు ఒకటి లేదా రెండో తరగతి తెలుగు పుస్తకంలోంచి వాడు హాయిగా చదవగలిగే పేరా. పక్కింట్లో పాత పుస్తకం దొరుకుతుంది. ఒక చిన్న పేరాలో ఐదు పదాలకన్నా ఎక్కువ ఆగాడంటే అది ఇప్పుడు వాడికి బరువు, ఇంకా కిందిది తీసుకోండి. చివరి ఐదు నిమిషాలు చదివింది అత్తమ్మకు చెప్పాలి. ఆమెకు చదువు రాకపోయినా 'తర్వాత ఏమైందిరా?' అని అడగడం వచ్చు, అది చాలా పెద్ద సాయం. ట్యూషన్ అడిగిన ఆమెకు ఈ పని అప్పగిస్తే ఆ పట్టుదల వాడికి పనికొస్తుంది.

లెక్కల్లో ఈ వయసులో తగిలే దెబ్బ అప్పు తెచ్చుకునే తీసివేత. 52లోంచి 27 తీసేయమంటే చాలామంది 35 అని రాస్తారు, 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసేస్తారు. దానికి 'సరిగ్గ చూడు' అని కసిరితే లాభం లేదు. చీపురు పుల్లలు చిన్నగా విరిచి పదేసి కట్టలు దారంతో కట్టండి. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు పెట్టి ఏడు ఇవ్వమనండి. ఇవ్వలేక తానే ఒక కట్ట విప్పుతాడు. విప్పిన తర్వాత నాలుగు కట్టలు, పన్నెండు పుల్లలు. వారం రోజులు పుల్లలతో చేసి, ఆ తర్వాతే పలక మీద. పుల్లలు లేకుండా త్వరగా రాయించాలని తొందరపడితే మళ్లీ 35 దగ్గరికే వస్తాడు. హోంవర్కు మాత్రం మీరు రాసి పెట్టకండి. రాని లెక్క ఖాళీగా వదిలి పంపండి, ఆ ఖాళీ చూస్తేనే సారుకు తెలుస్తుంది.

మీ ఆయన గురించి. కొడుకు చిన్నప్పటి నుంచీ దూరంగా ఉన్న తండ్రికి వాడి బడి గురించి కనిపించేది ఆ మార్కుల ఫొటో ఒక్కటే. పగలంతా పని చేసి దాన్ని చూసి కంగారు అరుపై బయటకొచ్చింది. అయినా ఆ నెపం మీ మీద వేయడం తప్పే, మీరు అది మోయనక్కర్లేదు. గొడవ జరిగే కాల్‌లోనే జవాబు చెప్పబోతే పెరుగుతుంది. ఆయన సెలవు రోజున, డబ్బుల మాటలు లేని వేళ, సారు చెప్పింది వాయిస్ మెసేజీగా పంపండి: 'సారును కలిసిన. మనోడు గుణింతాలు చదువుతుండు, ఒత్తుల కాడ ఆగుతుండు. రోజు పావుగంట కూసోబెడుతున్న. మార్కుల మాట వాని ముందట అనకు, నాతోని అను.' విన్నాక మాట్లాడతారు, అప్పటికి కోపం సగం తగ్గి ఉంటుంది.

ఆయనకు ఒక పని కూడా ఇవ్వండి. దుబాయ్‌కి వాట్సాప్ కాల్ కలవకపోయినా వాయిస్ మెసేజీ వెళుతుంది కదా. శనివారం బాబు తనకు బాగా వచ్చిన పేరా ఒక నిమిషం చదివి పంపాలి. ముందు మూడుసార్లు సాధన చేసుకుని, తానే పంపాలనుకున్నప్పుడు మాత్రమే. ఆయన తిరిగి పంపే మెసేజీలో ఆ కథ గురించి ఒక ప్రశ్న, ఆ వారం తాను చూసిందో చేసిందో ఒక సంగతి ఉండాలి. తప్పులు దిద్దొద్దని ముందే గట్టిగా చెప్పండి. దిద్దడం మొదలుపెడితే రెండు వారాల్లో బాబు చదవనంటాడు, అది మళ్లీ మీ మీదకే వస్తుంది.

ట్యూషన్ ఇప్పుడే వద్దు. పదిహేను ఇరవై మందిని కూర్చోబెట్టి హోంవర్కు పూర్తి చేయించి పంపే చోట ఒత్తులు నేర్పే తీరిక ఉండదు. నోటుబుక్కు నిండుతుంది, మనకు అంతా బాగున్నట్టు కనిపిస్తుంది. బడి మార్పు కూడా సంవత్సరం మధ్యలో, కోపంలో చేయకండి. వేసవిలోనూ ఆయన అదే అంటే కోరుట్ల వెళ్లి, 'రెండో తరగతి తెలుగు తడబడే పిల్లవానికి మీ దగ్గర ఎవరు, ఏ టైంల, ఎట్ల నేర్పుతరు?' అని అడగండి. వ్యాన్ గురించీ బిల్డింగ్ గురించీ చెప్పి ఈ ప్రశ్న దాటవేస్తే, అక్కడ కూడా వాడు వెనక బెంచీలోనే కూర్చుంటాడు.

బోర్డు మీది తప్పుగా ఎక్కించుకుంటున్నాడా, పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకుంటున్నాడా, చెవి కారుతోందా, పిలిస్తే పలకడం లేదా? వీటిలో ఏది కనిపించినా ముందు కళ్లు, చెవులు చూపించండి. పిల్లల ఆరోగ్యం పరీక్షించడానికి బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే అనే సర్కారు వైద్య బృందాన్ని అడగవచ్చు, లేదా పీహెచ్‌సీకి వెళ్లండి. రెండు నెలలు రోజూ కూర్చున్నా చీటీల్లో కదలిక లేకపోతే మండలంలోని భవిత కేంద్రం గురించి సారును అడగండి. నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలను అక్కడ చూస్తారు. అది వాడి తెలివికి సంబంధించిన ముద్ర అనుకుని ఆలస్యం చేయవద్దు.

పాత నోటుబుక్కు ఒకటి తీసి, ప్రతి ఆదివారం ఆ నాలుగు చీటీల్లో ఐదుకు ఎన్ని చదివాడో తేదీ వేసి రాయండి. పదాలు మారుస్తూ ఉండండి, లేకపోతే కంఠస్థం చేసేస్తాడు. నాలుగు ఆదివారాలయ్యాక ఆ పేజీ ఫొటో తీసి ఎఫ్‌ఏ-2 కన్నా ముందే దుబాయ్‌కి పంపండి. తర్వాత అదే పుస్తకంతో సారును మళ్లీ కలవండి.