ఒకరి అడ్వాన్సుతో ఇంకొకరి శ్లాబు వేయకండి

ప్రశ్న: నా వయసు 38. విజయవాడ చుట్టుపక్కల ఇళ్లు కట్టే కాంట్రాక్టులు చేస్తుంటాను. మెటీరియల్‌తో కలిపి చదరపు అడుగు 1,900 రూపాయలకు ఒప్పుకొంటాను. ఒక్కో ఇల్లు సుమారు 1,500 అడుగులు, ఏడాదికి మూడు పూర్తవుతాయి. 12 శాతం మిగలాలి, కానీ చేతిలో ఎప్పుడూ డబ్బు ఉండదు. ఒక సైటు అడ్వాన్సు ఇంకో సైటుకు సర్దుతుంటాను. 3 రూపాయల వడ్డీకి తెచ్చిన 12 లక్షల అప్పుంది. ఇంటి ఖర్చు నెలకు 45 వేలు. బాబు చదువు కోసమని కొన్న స్థలం ఇప్పుడు 20 లక్షలు పలుకుతోంది. తెలిసినాయన 2 రూపాయల వడ్డీకి 25 లక్షలు ఇస్తానంటున్నారు. ఆ డబ్బుతో అపార్ట్‌మెంట్ డెవలప్‌మెంట్‌కు దిగవచ్చా?

జవాబు: వద్దు. మీలాంటి కాంట్రాక్టర్లు చాలామంది ఇదే తప్పు చేస్తున్నారు కాబట్టి వివరంగా చెబుతాను.

ఒక్కో ఇంటికి మీకొచ్చేది 28.5 లక్షలు, అందులో మిగిలేది 3.42 లక్షలు. మూడిళ్లకూ కలిపి 10.26 లక్షలు. మీ 12 లక్షల అప్పుకు నెలకు 36 వేల చొప్పున ఏడాదికి 4.32 లక్షల వడ్డీ కడుతున్నారు. అంటే ఒక ఇల్లు పూర్తిగా వడ్డీవ్యాపారి కోసమే కడుతున్నారు, అయినా చాలడం లేదు. ఇంటి ఖర్చు 5.4 లక్షలు కూడా తీసేస్తే ఏడాది చివర మిగిలేది 54 వేలు. ఒక్క సైటు రెండు నెలలు ఆగితే అదీ ఉండదు.

సైటు ఆగదని ఎవరు చెప్పగలరు? 2019లో ఇసుక దొరక్క పనులు నిలిచిపోయాయి. 2020లో లాక్‌డౌన్ వచ్చింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగింది. మీ ఊళ్లోనే అయిదేళ్లలో ఇన్ని జరిగాయి. అయినా మీ దగ్గర అత్యవసర నిధి పేరుతో ఒక్క రూపాయి లేదు. అందుకే ఇంటాయన శ్లాబు డబ్బు పది రోజులు ఆలస్యం చేసినా, శనివారం మేస్త్రీకి ఇవ్వడానికి పక్క సైటు అడ్వాన్సులో చెయ్యి పెట్టాల్సి వస్తోంది. ఆ అడ్వాన్సు మీది కాదు, ఆ ఇంటి సిమెంటుది, ఇనుముది. అక్కడి పని మొదలయ్యే రోజుకు మళ్లీ 3 రూపాయల వడ్డీ!

స్థలం అమ్మేయండి. బాధగా ఉంటుందని తెలుసు. కానీ నెలకు 36 వేలు వడ్డీ కడుతూ బాబు చదువుకు ఏం దాచగలరు? అమ్మకంపై పన్ను ఎంత పడుతుందో ముందే ఆడిటర్‌ను అడిగి, వచ్చిన డబ్బుతో మొదట ఆ 12 లక్షలు తీర్చేయండి. మిగిలినదాంట్లో ఆరు నెలల ఇంటి ఖర్చు 2.7 లక్షలు, ఒక శ్లాబు గట్టెక్కేందుకు 4 లక్షలు వేరే బ్యాంకులో మీ ఆవిడతో కలిపి జాయింటు ఎఫ్‌డీగా వేయండి. పని డబ్బు తిరిగే ఖాతాకూ దానికీ సంబంధం ఉండకూడదు. వాడుకుంటే, తర్వాతి ఇంటి లాభంలోంచి ముందు అది నింపాకే మిగతా ఖర్చులు.

ఒప్పందం కూడా మార్చండి. శ్లాబు అయ్యాక డబ్బు అడగడం కాదు, సైటులో ఇనుము దిగకముందే ఆ దశ డబ్బులో సగం చేతికి రావాలి. పునాది, శ్లాబు, గోడలు, ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్, దేనికి ఎంతో, ఎప్పుడో కాగితం మీద రాయించుకోండి. ఒక్కో సైటుకు ఒక్కో ఖాతా పెట్టండి. బిల్డర్లు కొనుగోలుదారుల దగ్గర తీసుకున్న డబ్బులో 70 శాతాన్ని అదే ప్రాజెక్టు ఖాతాలో ఉంచాలని స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే రెరా చట్టం చెప్పింది కూడా ఈ సర్దుబాట్లను ఆపడానికే.

కూలీలకు బీమా ఉందో లేదో మీరు రాయలేదు, లేదనే అనుకుంటున్నాను. సెంట్రింగ్ మీంచి పడి 30 ఏళ్ల మనిషి చనిపోతే, నెల జీతం 15 వేలుగా లెక్కేసినా చట్ట ప్రకారం పరిహారం 15 లక్షలు దాటుతుంది. ఈ వారమే పాలసీ తీసుకోండి. మీ పేరిట టర్మ్ పాలసీని, అంటే మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బిచ్చే బీమాను, వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద తీసుకుంటే ఆ డబ్బు అప్పులవాళ్లకు పోకుండా మీ ఆవిడకూ బాబుకూ అందుతుంది.

ఇక అపార్ట్‌మెంట్ సంగతి. 25 లక్షలకు 2 రూపాయల వడ్డీ అంటే నెలకు 50 వేలు, ఫ్లాట్లు అమ్ముడైనా కాకపోయినా కట్టాల్సిందే. అప్పు తీరి, నిధి నిండి, వరుసగా రెండేళ్లు వడ్డీ లేకుండా ఇళ్లు కట్టిన తర్వాత మళ్లీ రాయండి, అప్పుడు మాట్లాడదాం.