కుళాయి నీళ్ల అర్జీ: రాధకు ఉత్తరం

చి. సౌ. రాధకు పెద్దనాన్న ఆశీస్సులు.

చెన్నై వాషర్‌మేన్‌పేటలో మీ వీధివాళ్లు పదిమంది కలిసి నీళ్ల సంగతి, ఆరోగ్యం సంగతి పట్టించుకోవాలనుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. మంచి పనే. సంఘానికి పేరు, బ్యానరు తర్వాత చూసుకోవచ్చు. ఏది ఎవరి పనో ముందు తెలుసుకోండి. అర్జీలు దారి తప్పేది అక్కడే.

చెత్త, దోమలు, వాననీటి కాలువ కార్పొరేషన్‌వి, నంబరు 1913. తాగునీటి గొట్టం, మురుగు గొట్టం, మ్యాన్‌హోల్ మెట్రో వాటర్‌వి. అది 1978 చట్టంతో వచ్చిన వేరే బోర్డు. రోడ్డు మీద మురుగు పారుతుంటే మ్యాన్‌హోల్లోంచా, వాననీటి కాలువలోంచా అని వంగి చూసి మరీ రాయాలి. చూడకుండా రాస్తే మీ కాగితం రెండు ఆఫీసుల మధ్య తిరుగుతూనే ఉంటుంది.

ఇక కుళాయిలో మురుగు వాసన వస్తే ఏం చేయాలో చెప్తాను. నీళ్లు వదిలినంతసేపే గొట్టంలో ఒత్తిడి ఉంటుంది. ఆపేశాక, పక్కన మురుగు గొట్టం పగిలి ఉంటే, ఆ నీరు జాయింట్లలోంచి లోపలికి చేరుతుంది. అందుకే మర్నాడు నీళ్లు వదిలిన మొదటి నిమిషాల్లోనే వాసన ఎక్కువ. ఆ టైము రాసిపెట్టుకో. సంపులోంచి తోడి చూడొద్దు, లైను కుళాయి దగ్గరో చేతి పంపు దగ్గరో పట్టి చూడు. మీ ఇల్లు, పక్కిల్లు, ఎదురిల్లు, వీధి చివరి ఇల్లు, నాలుగూ చూడాలి. ఒక్క ఇంట్లోనే వాసనంటే లోపం ఆ ఇంటి కనెక్షన్‌లో ఉండొచ్చు. నాలుగింట్లోనూ ఉంటే వీధి గొట్టాన్ని అనుమానించాలి.

కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. పరీక్ష కిట్‌లో మందు చుక్కలు వేస్తే నీళ్లు పసుపు తిరగాలి, తిరగకపోతే క్లోరిన్ లేనట్టు. మందు వేసిన ఆ నీళ్లు పారబోయండి, తాగొద్దు. అయితే ఇది మీ ధైర్యానికే. ఆఫీసులో చెల్లేది ల్యాబ్ రిపోర్టు. గిండీలో నీళ్లు పరీక్షించే కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. నమూనాకి ఏ సీసా, ఏ రోజు అని ముందే అడుగు. ఉత్త వాటర్ బాటిల్లో పట్టుకెళ్తే నీళ్లలోని క్లోరిన్ దారిలోనే క్రిములను చంపేస్తుంది, చెడ్డ నీళ్లకి మంచి రిపోర్టు వస్తుంది! క్లోరిన్‌ని ఆపే మందు వేసిన స్టెరైల్ సీసా కావాలి. ఐస్‌లో పెట్టి అదే రోజు ఇవ్వాలి.

విరేచనాలు పట్టుకున్న ఇళ్ల లెక్క వేరే కాగితం మీద రాయి. పేర్లు వద్దు. వయసు, మొదలైన తేదీ, తాగింది కుళాయి నీళ్లా, క్యాన్ నీళ్లా, ట్యాంకర్ నీళ్లా, అంతే. జబ్బుపడ్డవాళ్లందరూ క్యాన్ నీళ్లే తాగి ఉంటే మీ అనుమానం గొట్టం మీంచి క్యాన్ మీదికి మారాలి. ఈ లెక్క మీ ఏరియా ప్రైమరీ హెల్త్ సెంటర్ డాక్టరు చేతికివ్వండి.

అర్జీ ఒక్క పేజీ, తమిళంలో. ఒకే చోటు, ఒకే కోరిక: ఫలానా నంబరు ఇంటి ముందు తవ్వి గొట్టం చూడండి, బాగయ్యేదాకా ట్యాంకర్ పంపండి. దోమలూ కుక్కలూ అందులో ఇరికించొద్దు. ఊరంతా తిరిగి రెండొందల సంతకాలు తెచ్చేకంటే ఆ వీధివే పదిహేను, ఇంటి నంబర్లతో సహా, మేలు. మీ కాపీ మీద సీలు, తేదీ వేయించుకో. మెట్రో వాటర్ ఏరియా ఆఫీసుల్లో నెలలో రెండో శనివారం ఉదయం 10 నుంచి 1 దాకా జనం మాట వింటారు, అక్కడికి వెళ్లండి.

కౌన్సిలర్‌ని కలిసినా అదే కాగితం. 2022 నియమాలతో వార్డు కమిటీలు, ఏరియా సభలు వచ్చాయి. ఏరియా సభలో గొంతు పెంచడం కాదు, మీ మాట మినిట్స్‌లో, అంటే సభ రికార్డులో, ఎక్కిందో లేదో చూసి కదలండి.

నెలయినా కదలిక లేకపోతే ఆర్టీఐ, అంటే సమాచార హక్కు దరఖాస్తు. పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు చాలు. తెలుగులో వేస్తే కుదరదు, తమిళమో ఇంగ్లీషో. ‘ఎందుకు బాగుచేయలేదు’ అంటే జవాబు రాదు. ‘ఈ తేదీ నుంచి ఈ తేదీ దాకా మా వీధిలో చేసిన క్లోరిన్ పరీక్షల రిజిస్టరు నకలు’ అని అడుగు. 30 రోజుల్లో రాకపోతే, ఆ తర్వాత 30 రోజుల్లోపు అప్పీలు వేయాలి.

ఫోన్లో ‘పరిష్కరించాం’ అని మెసేజ్ వస్తే వెంటనే సరేననొద్దు. ముందు సంపులు కడిగించండి, లేకపోతే అడుగున మిగిలిన పాత మురుగే మళ్లీ వాసన కొడుతుంది. తర్వాత అవే నాలుగిళ్లలో, నీళ్లు వదిలిన మొదటి నిమిషాల్లో, వరసగా మూడు రోజులు పట్టి చూసి అప్పుడు జవాబివ్వు.

ఇట్లు,
పెద్దనాన్న